నేర్చుకొనువాని పొరపాటును ఎవరు మోయవలెను?

పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు అని మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు. చదువు ముగించుకొని ఉద్యోగమునకు బయలుదేరు నేటి యువతీ యువకుల స్థితి అట్లే యున్నది. అనుభవము లేనిదే పని దొరకదు. పని దొరకనిదే అనుభవము కలుగదు. వైద్యవిద్యార్థికి ఆసుపత్రి వార్డు కలదు. ఉపాధ్యాయ శిక్షణ పొందువానికి పాఠము చెప్పి చూచుకొనుటకు బడి కలదు. ఇంజనీరింగు విద్యార్థికి కర్మశాల కలదు. గణితమును ఆంగ్లమును కలిపి డిగ్రీ చదువుచున్న వానికి ఏమున్నది? అతని చదువునకు బోర్డు కట్టిన వృత్తి ఏదియు లేదు. “లెక్కలకును ఇంగ్లీషునకును పొత్తేమి? ఇది చదివి ఏమగుదువు నాయనా?” అని ఇంటికి వచ్చిన చుట్టములు అడుగుచుందురు.

ఇట్టి చదువు ఇప్పుడు వింతయైనది కాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము శాస్త్రములకును కళలకును నడుమ నిలిచిన గోడలను తగ్గించవలెనని కోరినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరమున ప్రవేశపెట్టిన డిగ్రీ ప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్పును, అందులో భాగముగా సమాజసేవా ప్రాజెక్టును చేర్చిరి. కావున చదువుచుండగనే పనిలో అనుభవము సంపాదించుట ఏ కొందరికో కలిగిన ఉబలాటము కాక, వేలకొలది విద్యార్థుల విధియైనది. ఆ అనుభవమును ఎక్కడ సంపాదించవలెనో చెప్పువారు చాలమంది యున్నారు. దానిని ఎవరి ఖర్చుతో సంపాదించుచున్నామో అడుగువారు తక్కువ. ఈ వ్యాసములో విచారింప దలచినది ఆ రెండవ ప్రశ్నను.

మొదట ఒక ఆక్షేపణను తీర్చుకొందము. విద్యార్థి దశ విద్యకే అంకితము కావలెననియు, ఉద్యోగపు తాపత్రయము లోకసంబంధమైనదనియు భక్తిగల కొందరు తలంతురు. పరిశుద్ధ గ్రంథము అట్లు వేరు చేయుట లేదు. మన ప్రభువు నజరేతులో వడ్రంగిగా పేరెన్నబడెను. అపొస్తలుడైన పౌలు గమలీయేలు పాదములయొద్ద చదివినవాడే, డేరాలు కుట్టు పనియు నేర్చినవాడే. మన అంశమునకు మరింత దగ్గరగా నిలుచువాడు దానియేలు. ఆ గ్రంథము మొదటి అధ్యాయము ప్రకారము అతడును అతని స్నేహితులును పరదేశపు విద్యను, భాషను మూడు సంవత్సరములు అభ్యసించిరి. నేటి డిగ్రీ చదువునకును పూర్వము ఎక్కువగా మూడేండ్లే. ఆరవ అధ్యాయమునకు వచ్చునప్పటికి అతడు నూట ఇరువదిమంది అధికారుల లెక్కలను విచారించు ముగ్గురిలో ఒకడై, రాజునకు నష్టము రాకుండ కావలి కాయుచున్నాడు. యౌవనమున భాష, వార్ధక్యమున లెక్క. అతనిపై నేరము మోపజూచినవారు అతని పనిలో తప్పు వెదకి వెదకి విసిగిరి. చదువును పనిని దేవుడు శత్రువులుగా నిర్మింపలేదని దానియేలు జీవితమే సాక్ష్యము.

అనుభవమనగా ఏమి? పరీక్షలో ఇచ్చు లెక్కకు కావలసిన అంకెలన్నియు ప్రశ్నపత్రములోనే యుండును. ఒక్కటియు తప్పిపోదు, ఒక్కటియు అబద్ధమాడదు. కార్యాలయములో వచ్చు లెక్కకు సగము అంకెలు దొరకవు. దొరకిన వాటిలో కొన్ని తప్పులు. పరీక్షలో వ్రాయు ఆంగ్ల వ్యాసమును చదువుటకు ఒక పరీక్షకుడు జీతము పుచ్చుకొని కూర్చుండును. బయట వ్రాయు ఉత్తరమును చదువువాడు తొందరలో నుండును. ఒక మాట అటు ఇటైన అతడు మోసపోవును. బ్యాంకునుండి వచ్చిన ఆంగ్ల నోటీసును ఒక విద్యార్థి తన పొరుగింటి వితంతువునకు తెలుగులో చదివి వినిపించుచున్నాడనుకొనుడి. “ముప్పది దినముల లోపల” అని యున్న దానిని “ముప్పది దినముల తరువాత” అని చెప్పినయెడల పోవునవి అతని మార్కులు కావు, ఆమె కుదువపెట్టిన నగలు.

ఇదియే చదువునకును అనుభవమునకును గల నిజమైన భేదము. తరగతి గదిలో నా పొరపాటు నామీదనే పడును. పనిలో నా పొరపాటు మరియొకరిమీద పడును. అనుభవమనునది కేవలము నైపుణ్యము పెరుగుట కాదు. నా తప్పు ఫలమును ఇతరులు అనుభవించు స్థలములో నిలుచుట. కావుననే అది నీతి ప్రశ్నయైనది.

గణితమును భాషను కలిపి చదివినవానికి ఈ భారము రెండింతలు. ఒక చిన్న లెక్క చూడుడి. ఒక పేటలో పది కుటుంబములున్నవి. తొమ్మిది కుటుంబములకు నెలకు 8,000 రూపాయల చొప్పున వచ్చును. పదియవ కుటుంబమునకు 1,28,000 రూపాయలు వచ్చును. మొత్తము రెండు లక్షలు; సగటు 20,000. ఇందులో గణితదోషము లేదు. కాని సమాజసేవా ప్రాజెక్టు వ్రాయు విద్యార్థి తన నివేదికలో “ఈ పేటలో కుటుంబమునకు ఇరువది వేల రూపాయల ఆదాయము కలదు” అని వ్రాసినచో, అది చదివిన అధికారి ఆ తొమ్మిది ఇండ్లకు సహాయము అక్కరలేదనుకొనవచ్చును. అంకె నిజము, వాక్యము అబద్ధము. అంకె తెలిసి వాక్యము తెలియనివాడు ఈ అపాయమును చూడలేడు. వాక్యము తెలిసి అంకె తెలియనివాడును చూడలేడు. రెండును తెలిసినవాడు చూడగలడు గనుక, చూడవలసిన బాధ్యతయు అతనిదే. లెక్కలకును ఇంగ్లీషునకును పొత్తేమి అని అడిగిన చుట్టములకు ఇది ఒక సమాధానము.

ఈ పొత్తు లోకమునకు చేసిన మేలు చరిత్రలో కలదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1854లో క్రిమియా యుద్ధకాలమున సైనికుల ఆసుపత్రికి వెళ్లెను. గాయములవలన చచ్చిన సైనికులకంటె రోగములవలన చచ్చినవారు చాల ఎక్కువమంది. తిరిగి వచ్చిన తరువాత ఆమె ఆ మరణములను పట్టికలుగాను పటములుగాను కూర్చి, పాలకులకు అర్థమగు మాటలతో 1858లో వెలువరించెను. దీపము పట్టుకొని వార్డులలో తిరిగిన స్త్రీగా మన సండేస్కూలు పిల్లలు ఆమెను ఎరుగుదురు. లెక్కను భాషను జోడించి ప్రాణములు కాపాడిన స్త్రీగా కూడ ఎరుగవలెను. ఫ్రాన్సు దేశస్థుడైన బ్లేజ్ పాస్కల్ తండ్రి పన్నుల శాఖలో పనిచేసెను. రాత్రింబగళ్లు కూడికలతో అలసిపోవుచున్న తండ్రికి సహాయపడుటకై 1642లో, ఇంచుమించు పందొమ్మిదేండ్ల ప్రాయమున, పాస్కల్ ఒక గణన యంత్రమును నిర్మింప మొదలిడెను. నమూనాలు ఎన్నియో చేసి, చెరిపి, మరల చేసెను. అదే పాస్కల్ తరువాత ఫ్రెంచి వచనమునకే వన్నె తెచ్చిన రచయిత యయ్యెను. ఈ ఇరువురిలోను ఒక పోలిక గమనింపుడి. వారు అనుభవమును వెదకుచు పోలేదు. ఒకరి భారము వారి కంటబడినది. ఆ భారమును మోయబూనగా అనుభవము వెంట వచ్చినది.

ఇక ప్రశ్నకు వత్తము. డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్న యువకుడు ఏడవ తరగతి పిల్లవానికి ట్యూషను చెప్ప మొదలిడెను. భిన్నముల కూడికను తొందరలో సరిగా వివరింపలేదు. పిల్లవాడు సగమును మూడవ వంతును కూడి, పైవి పైవాటితో, క్రిందివి క్రిందివాటితో కలిపి, అయిదింట రెండు వంతులని వ్రాయుటకు అలవాటుపడెను. సగముకంటె కూడిన మొత్తము చిన్నదెట్లయ్యెనని అడుగుటయు ఎవరును వానికి నేర్పలేదు. యువకుడు సంవత్సరాంతమున అనుభవపత్రము పొందెను. పిల్లవాడు గణితమనిన భయమును పొందెను. ఈ బేరము న్యాయమైనదా?

న్యాయము కాదని వెంటనే చెప్పవచ్చును. కాని అంతటితో ఆగినచో మరియొక అన్యాయము కలదు. పొరపాటు చేయగల వారెవరును పని ముట్టరాదన్నచో క్రొత్తవారెవరును పనివారు కాలేరు. నేడు చేయి తిరిగిన ప్రతి వైద్యునికి ఒక మొదటి రోగి యుండెను. ప్రతి కాపరికి తడబడుచు చేసిన ఒక మొదటి ప్రసంగముండెను, దానిని ఓపికతో విన్న ఒక సంఘముండెను. నేర్చుకొనువానికి చోటియ్యని సమాజము రేపటి తన పనివారిని తానే పోగొట్టుకొనును. కావున ప్రశ్న “క్రొత్తవాడు పని చేయవచ్చునా?” అని కాదు, “ఏ నియమములతో చేయవచ్చును?” అని.

నా మనస్సునకు నాలుగు నియమములు తోచుచున్నవి. మొదటిది సత్యము. తాను ఇంకను విద్యార్థినని, తనకు ఇంత తెలియును, ఇంత తెలియదని, పని అప్పగించువారికి ముందుగా చెప్పవలెను. తెలిసి ఒప్పుకొన్నవారు కొంత నష్టమును సహింపవచ్చును. తెలియక ఒప్పుకొన్నవారిపై ఆ నష్టము మోపుట మోసము. రెండవది పర్యవేక్షణ. విద్యార్థి చేసిన పనిని అది ఇతరులను చేరకముందే పెద్దవాడొకడు చూడవలెను. అట్టివాడు లేనిచోట అనుభవము పేరట దొరకునది తరచుగా చెడు అలవాటే. మూడవది మితము. సరిదిద్దుటకు వీలైన పనిని మాత్రమే చేపట్టవలెను. పాఠము తప్పిన మరుసటి దినము దిద్దవచ్చును. కోర్టు పత్రమును, మందు చీటిని తప్పుగా అనువదించినచో దిద్దుటకు మరుసటి దినము ఉండకపోవచ్చును. నాలుగవది నిలుకడ. పత్రము చేతికి రాగానే పిల్లవానిని నడిసంవత్సరములో విడిచిపోవుట, నాగటిమీద చేయి పెట్టి వెనుక చూచుటవంటిది. నాకు కావలసినది దొరకినది గనుక నీవు ఇక నాకు అక్కరలేదని ఆ పసివానితో చెప్పుటే అది. ఆ క్షణమున అతడు మనుష్యుడు కాక నిచ్చెన మెట్టు అగుచున్నాడు.

ఈ నాలుగవ నియమము మనలను మరింత లోతునకు తీసికొనిపోవును. సర్టిఫికెట్టును ఆశించి చేయు సేవ సేవయేనా? కుడిచేయి చేయుదానిని ఎడమచేయి ఎరుగరాదని ప్రభువు కొండమీది ప్రసంగములో బోధింపలేదా? బోధించెను. అయితే దున్నువాడు పంటలో పాలు పొందు ఆశతోనే దున్నవలెనని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో పౌలు వాదించెను. ఆశ పాపము కాదు. చేసిన పనికి సాక్ష్యపత్రమును కోరుట కూలివాడు కూలిని కోరుటవంటిదే. పరీక్ష వేరొకచోట నున్నది. ఎవరును చూడనిచోట, పత్రములో వ్రాయబడని భాగములో, ఆ పని ఎట్లు జరుగుచున్నది? నివేదికలో కనబడు పట్టికను మూడుమారులు సరిచూచి, కనబడని లెక్కను ఊహించి నింపినవాడు మనుష్యులకొరకు పనిచేసెను. రెంటిని ఒక్కతీరుగా సరిచూచినవాడు, పత్రము పుచ్చుకొన్నను, ప్రభువుకొరకే పనిచేసెను.

పత్రమును గూర్చి ఇంకొక మాట చెప్పక తప్పదు. చేయని పనికి అనుభవపత్రము సంపాదించుట, కొనుట, తెలిసినవారిచేత వ్రాయించుకొనుట నేడు అనేకులకు తప్పుగా తోచుట లేదు. “అందరును చేయుచున్నారు” అందురు. ద్వితీయోపదేశకాండము ఇరువది అయిదవ అధ్యాయము సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనరాదని ఆజ్ఞాపించుచున్నది. సర్టిఫికెట్టు కూడ ఒక తూనికరాయియే. దానిని త్రాసులో వేసియే యజమాని మనిషిని తూచును. దొంగరాయి వేసినవాడు యజమానిని మాత్రమే మోసగించుట లేదు; ఆ ఉద్యోగమునకు నిజముగా అర్హుడై, ఎవరి సిఫారసును లేక వెనుదిరిగిన మరియొక పేద విద్యార్థిని కూడ దోచుకొనుచున్నాడు. దొంగపత్రము వరకు పోనివారు సయితము బయోడేటా వ్రాయునప్పుడు క్రియాపదములలో జారిపోవుదురు. “సహాయపడితిని” అనవలసిన చోట “నిర్వహించితిని” అని వ్రాయుదురు. “చూచితిని” అనవలసిన చోట “రూపొందించితిని” అని వ్రాయుదురు. కొలతయే గణితమునకు ప్రాణము, మాటయే భాషకు ప్రాణము. ఆ రెంటిని చదివినవాడు కొలతను మాటను అబద్ధమునకు అమ్ముట తన విద్యకే ద్రోహము.

లెక్కలు చేయుటకును ఆంగ్లము వ్రాయుటకును నేడు యంత్రములు వచ్చినవి; ఇక ఈ అనుభవముతో పనియేమి అని అడుగువారున్నారు. యంత్రము క్షణములో అనువదించును, క్షణములో సగటు కట్టును. కాని తప్పు జరిగినప్పుడు ఆ వితంతువు గుమ్మమునకు వెళ్లి “అమ్మా, ఇది నా పొరపాటు” అని చెప్పదు. జవాబుదారీయే మనిషి వంతుగా మిగిలినది. విద్యార్థి పనిలో ముఖ్యముగా నేర్వవలసినదియు అదే.

ఇంతవరకు విద్యార్థి బాధ్యతను గూర్చి చెప్పితిమి. పని ఇచ్చువారి బాధ్యత తక్కువది కాదు. శిక్షణ పేరట నెలల తరబడి ఊరక పని చేయించుకొని, నేర్పవలసినది నేర్పక, చివర ఒక కాగితము చేతికిచ్చు సంస్థలు కలవు. జీతమియ్యక పొరుగువానిచేత పని చేయించుకొనువానికి శ్రమయని యిర్మీయా ప్రవక్త ఇరువది రెండవ అధ్యాయములో పలికెను. మన దేశములో 1961 నాటి అప్రెంటిసుల చట్టము శిక్షణార్థులకు భత్యమియ్యవలెనని విధించినది. 2014 నాటి సవరణ ఇంజనీరింగేతర పట్టభద్రులకును ఆ చట్టపు ద్వారము తెరచినది. కాని చదువుచుండగా ఉచితముగా పనిచేయుట కలిగినవారి బిడ్డలకే సాధ్యము. వేసవి సెలవులలో కూలికి పోయి ఫీజు కట్టుకొను బిడ్డకు ఉచిత శిక్షణ అందని ద్రాక్ష. అట్టి బిడ్డ తన తండ్రి కిరాణా కొట్టులో అప్పుపద్దులు వ్రాసినది, తల్లి పొదుపు సంఘపు పాసుపుస్తకమును సరిచూచినది అనుభవము కాదా? ముమ్మాటికి అనుభవమే. దానిని చెప్పుకొనుటకు ఆమె సిగ్గుపడరాదు. విని చులకన చేయుటకు యజమానులును సాహసింపరాదు.

చోటిచ్చినవారి మేలు ఎంతటిదో శ్రీనివాస రామానుజన్ చరిత్ర తెలుపుచున్నది. కుంభకోణము కళాశాలలో ఆయన గణితములో అందరిని మించి, ఆంగ్లాది ఇతర విషయములలో తప్పి, విద్యార్థి వేతనమును కోల్పోయెను. తరువాత కొంతకాలము విద్యార్థులకు పాఠములు చెప్పుకొని బ్రదికెను. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్పది రూపాయల గుమాస్తా పని దొరకెను. అక్కడి ఉన్నతోద్యోగియైన నారాయణ అయ్యర్ తానును గణితము తెలిసినవాడగుటచే, ఆ గుమాస్తా ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. 1913 జనవరిలో రామానుజన్ ఆ గుమాస్తా బల్లనుండియే కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరము వ్రాసెను. చిన్న పని, చిన్న జీతము, కనిపెట్టి చూచు ఒక పెద్ద మనస్సు. ప్రతి యువకుడు రామానుజన్ కాడు. అయితే ప్రతి యువకునికి ఒక నారాయణ అయ్యర్ అవసరము.

మన సంఘములు ఆ స్థానమును తీసికొనలేవా? హైదరాబాదులోనైనను, చెన్నైలోనైనను, ముంబయిలోనైనను, ఖరగ్‌పూర్‌లోనైనను, తెలుగు సంఘమున్న ప్రతిచోట గణితము ఆంగ్లము చదువు యువజనులకు తగిన పని కలదు. కానుకల లెక్కలను కోశాధికారి ప్రక్కన కూర్చుండి వ్రాయవచ్చును. సండేస్కూలు హాజరును పట్టికలు కట్టి, ఏ వయస్సులో పిల్లలు తొలగిపోవుచున్నారో పెద్దలకు చూపవచ్చును. ఆంగ్లములో వచ్చిన ఉత్తరములను తెలుగుచేయవచ్చును. సెలవుల బైబిలు పాఠశాలతోపాటు బలహీనులైన పిల్లలకు లెక్కలు చెప్పవచ్చును. యెరూషలేము పరిశుద్ధులకొరకైన చందాను మోసికొని పోవునప్పుడు పౌలు ప్రభువు దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును నిందకు తావియ్యకుండ జాగ్రత్తపడెను. సంఘపు లెక్కల పుస్తకము యువకునికి ఇంతకంటె మంచి పాఠము చెప్పలేదు. అయితే పని అప్పగించి వదలివేయరాదు. పెద్దలలో ఒకరు ప్రక్కన నుండి చూడవలెను, దిద్దవలెను. పొరపాటు జరిగినప్పుడు సంఘము ముందర అతనిని ఒంటరిగా నిలువబెట్టక, పర్యవేక్షించినవారు తమ వంతు మోయవలెను. ఈ వ్యాసపు శీర్షికలోని ప్రశ్నకు జవాబు ఇదియే. నేర్చుకొనువాని పొరపాటును బలహీనుడు మోయరాదు; నేర్చుకొనువాడును, నేర్పువాడును కలిసి మోయవలెను.

పాస్టరులకును పెద్దలకును ఒక మనవి. మీ సంఘపు బిడ్డ వచ్చి, చేయని సేవకు చేసెనని ఒక ఉత్తరము కోరినప్పుడు, ప్రేమచేతనే కాదనుడి. “ఉత్తరమియ్యను గాని పని ఇచ్చెదను, రేపు ఉదయము రమ్ము” అనుడి. ఆ మాట మొదట నొప్పించును. కాని దొంగపత్రముతో ప్రారంభమైన ఉద్యోగము ఇసుకమీద కట్టిన ఇల్లు. చిన్నదైనను నిజమైన పనితో ప్రారంభమైనది బండమీద కట్టినది.

యౌవనస్థులారా, మీకు అప్పగింపబడిన మొదటి పని అల్పముగా నుండవచ్చును. ఒక పిల్లవాని భిన్నములు, ఒక ముసలమ్మ ఉత్తరము, ఒక సంఘపు చిల్లర లెక్క. కొంచెములో నమ్మకమైనవానికే గొప్పవి అప్పగింపబడునని ప్రభువు సెలవిచ్చెను. మీరు నేర్చుకొనుటకై ఎవరెవరు తమ కాలమును, ఓర్పును, నమ్మకమును మీకు అప్పిచ్చిరో వారి పేరులను హృదయములో వ్రాసికొనుడి. ఆ అప్పును వారికే తీర్చలేకపోవచ్చును. మీ తరువాత తడబడుచు వచ్చు మరియొకనికి చోటిచ్చి తీర్చుడి. మీ లెక్కను, మీ మాటను, మీ చేతిపనిని ప్రభువు స్థిరపరచును గాక.